థాయ్ రాజు పుట్టిన ఊళ్లో నా సాక్సోఫోన్

2009 డిసెంబరు మొదటి శనివారం, ఇంకా తెల్లవారకముందే, అమెరికాలోని ఎడిసన్ రైల్వే స్టేషన్లో సాక్సోఫోన్ పెట్టెను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. పక్కన మా ఆయన శ్రీధర్, రెండు చేతులూ జేబుల్లో దూర్చి, "ఈ చలిల నువ్వు ఊదుతవా, ఆ సాక్సోఫోన్ నిన్ను ఊదుతదా?" అంటున్నాడు. ఆయనది వరంగల్, నాది తెనాలి. పిస్కాటవేలో కాపురం పెట్టి నాలుగేళ్లయినా, నన్ను ఆటపట్టించడానికి ఆయనకి పొద్దు పొడవక్కర్లేదు.

ఈ ప్రయాణం మా ఆఫీసు క్యాంటీన్లో మొదలైంది. నాతోపాటు మందుల కంపెనీలో పనిచేసే నోక్ బ్యాంకాక్ అమ్మాయి. వాళ్ల భాషలో నోక్ అంటే పిట్ట. మేం మాట్లాడుకునేది ఇంగ్లిష్‌లోనే, ఇక్కడ తెలుగు చేసి రాస్తున్నాను.

"వసుధా, నీకు సాక్సోఫోన్ వచ్చని ఒకసారి చెప్పావు. సరదాకి అన్నావా, నిజమా?" అని అడిగింది సోమవారం మధ్యాహ్నం.

నిజమే. తెనాలిలో మా మేనమామకి బ్యాండు మేళం ఉండేది. పెళ్లిళ్ల సీజను కానప్పుడు నాకు నేర్పాడు. అమెరికా వచ్చాక మాత్రం ఒక్కరి ముందూ వాయించలేదు.

అప్పుడు నోక్ అసలు సంగతి చెప్పింది. థాయిలాండ్ రాజుగారు పుట్టింది బోస్టన్ పక్కనున్న కేంబ్రిడ్జిలోనట. నేను నమ్మలేదు. తండ్రి యువరాజే అయినా అక్కడ డాక్టరు చదువు చదువుకుంటున్నాడు, తల్లి నర్సింగ్ చదివిన మనిషి. మా పిస్కాటవే స్టూడెంట్లకి పుట్టినట్టే వాళ్లకీ ఓ ఆసుపత్రిలో రెండో కొడుకు పుట్టాడు. ఆ ఊళ్లో ఒక వీధి మూలకి ఆయన పేరు పెట్టారు. ఏటా పుట్టినరోజున నాలుగైదు థాయ్ కుటుంబాలు అక్కడ పూలు పెట్టి, ఆయనే కట్టిన ఒక పాట వాయిస్తారు. రాజుగారు జాజ్ సంగీతంలో చెయ్యి తిరిగినవారు, ఆయన వాయిద్యమూ సాక్సోఫోనే.

"ఈసారి వాయించేవాడికి జ్ఞానదంతం పీకారు. మూతి ఇంత లావుంది," అంది నోక్. "రాజుగారేమో సెప్టెంబరు నుంచి ఆసుపత్రిలో ఉన్నారు. ఈ ఏడాదే పాట లేకపోతే మా పెద్దమ్మ తట్టుకోలేదు."

వస్తానని నోరు జారాను. ఇంటికొచ్చి చెబితే శ్రీధర్ తలపట్టుకున్నాడు. "వారంల నేర్చుకుంటవా? కింద ఫ్లోర్ ఆయన కంప్లైంట్ ఇస్తే లీజ్ క్యాన్సిల్ అయితది."

"క్లోసెట్‌లో ప్రాక్టీస్ చేస్తాలే."

"అయితే నేను గూడ వస్త. ఇది మిస్ చేసుకునే షో కాదు."

వారమంతా చలికోట్ల మధ్య దూరి, తలుపేసుకుని ఊదాను. పాట మూడు దెబ్బల వాల్ట్జ్. మన తిశ్ర గతి కాబట్టి నడక చిక్కింది. కానీ ప్రతి స్వరం చివరా నా పెదవి అలవాటుకొద్దీ కిందికి జారేది, పెళ్లి బ్యాండులో జారినట్టే. ఫోన్లో విని నోక్, "జారొద్దు, నిటారుగా నిలబడు," అనేది.

రైల్లో న్యూయార్క్ చేరి, చైనాటౌన్‌లో ఏడింటి బస్సు అందుకున్నాం. బోస్టన్‌కి తలా పదిహేను డాలర్లు. డ్రైవరు సాక్సోఫోన్ పెట్టె చూసి, "ఇదీ మనిషంత ఉంది, దీనికీ టికెట్ కొనండి," అన్నాడు మొహం గంభీరంగా పెట్టి. నేను పర్సు తీయబోతే నవ్వేశాడు.

నోక్ అప్పటికే బస్సులో ఉంది. ఆమె పెద్దమ్మ మాలీగారు కిటికీ పక్కన సర్దుకున్నారు. అరవై దాటిన మనిషి, గులాబీ రంగు స్వెట్టరు, ఒళ్లో అన్నం డబ్బాలు. కనెక్టికట్‌లో ప్రవేశించగానే డబ్బాలు తెరుచుకున్నాయి. వాళ్లది జిగురన్నం, మాది పులిహోర. మాలీగారు ఒక ముద్ద తిని, "చింతపండు! ఇన్నాళ్లూ ఇది మా దగ్గర దాచారా?" అని శ్రీధర్ చేతిలోని డబ్బా కూడా లాక్కున్నారు.

తింటూనే రాజుగారి కథ చెప్పారు. అన్నగారు రాజుగా ఉండగా ఈయనకి సింహాసనం మీద ధ్యాసే లేదట. ఆ అన్న హఠాత్తుగా పోవడంతో పద్దెనిమిదేళ్లకే రాజ్యభారం ఈయన మీద పడింది. ఆ తర్వాత మెడలో కెమెరా, చేతిలో మ్యాపుతో దేశంలోని మారుమూల ఊళ్లన్నీ తిరిగారు.

"మా ఊరికీ వచ్చారు. జీపు మీద మ్యాపు పరిచి, ఈ వాగు ఎన్ని నెలలు పారుతుందని మా నాన్నని అడిగారు. నాన్న వంగి దణ్ణం పెడుతూనే ఉన్నాడు. నేను చెప్పాను."

"భయం వేయలేదా?"

"చెప్పాకే వేసింది. రాజుగారితో మాట్లాడటానికి మాకు వేరే మాటలున్నాయి. తినడానికీ నడవడానికీ అన్నిటికీ వేరే. కంగారులో అవన్నీ మర్చిపోయి, మా బాబాయితో మాట్లాడినట్టు మాట్లాడేశాను. నాన్న అక్కడే కూలబడ్డాడు."

"మరి రాజుగారు?"

"నవ్వారు. ఆయన నవ్వడం చాలా అరుదు. మా చెల్లెలు మాత్రం నవ్వలేదంటుంది. అప్పట్నుంచీ మా ఇద్దరికీ ఇదే గొడవ."

పదకొండున్నరకి బోస్టన్. అక్కణ్నుంచి రెడ్ లైన్ రైలు నది దాటించి కేంబ్రిడ్జిలో దింపింది. స్టేషను నుంచి అయిదు నిమిషాల నడక. మీరు వెళ్తే గుడో కోటో ఉంటుందని వెతక్కండి. మామూలు వీధి మూల, ఒక రాయి, ఒక ఫలకం, పక్కనే కార్లు. పసుపు, గులాబీ కోట్లు వేసుకున్న పదిహేనుమంది అక్కడ నిలబడి ఉండటం వల్ల మేం పోల్చుకోగలిగాం. పన్ను పీకించుకున్నాయన బుగ్గకి మఫ్లరు చుట్టుకుని వచ్చి, నాకు రెండు చేతులూ జోడించాడు.

పూలు పెట్టారు. మోకరిల్లారు. అందరూ నావైపు తిరిగారు.

నేను ఊదాను. బాతుని తొక్కినట్టు ఒక్క కూత వచ్చింది.

చలికి లోహం బిగుసుకుపోయింది. రెండోసారి శబ్దం వచ్చింది గానీ శ్రుతి కిందెక్కడో ఉంది. వేళ్లు నావి కావు. మాలీగారు తల వంచుకుని నేల చూస్తున్నారు. ఏడాదికొక్కసారి జరిగే ముచ్చట నా చేతుల్లో పాడవుతోంది.

"ఇటియ్యి," అన్నాడు శ్రీధర్. కోటు జిప్పు తీసి, సాక్సోఫోన్ని లోపల పెట్టుకుని, జిప్పు లాగేశాడు. పైనించి దాని మెడ ఆయన గడ్డం కింద పొడుచుకొచ్చింది. "ఐస్ ముక్క లెక్కున్నది," అంటూ గంతులు మొదలుపెట్టాడు. అది చూసి ఒకావిడ ఫక్కున నవ్వింది. ఆమెని చూసి మిగతావాళ్లూ. రాజుగారి పేరున్న చోట నవ్వకూడదని ఆపుకోబోయి ఇంకా నవ్వారు. ఈలోగా నోక్ కత్తెర సంపాదించి నా చేతిగ్లవ్సుల వేళ్ల కొసలు కత్తిరించేసింది.

మూడోసారి పాట వచ్చింది. సగం దాకా నిటారుగానే నిలబడ్డాను. తర్వాత ఒళ్లు మర్చిపోయాను. స్వరాలన్నీ తెనాలి పెళ్లి ఊరేగింపులోలా జారడం మొదలెట్టాయి. ఆపలేకపోయాను. నోక్ కళ్లు పెద్దవి చేసింది. మాలీగారు మాత్రం కళ్లు మూసుకుని, చేతులు మెల్లగా గాల్లో తిప్పుతూ పాడుతున్నారు, చుట్టూ అందరూ గొంతు కలిపారు. దారిన పోయేవాళ్లు ఆగారు. మొదటి మంచు తునకలు అప్పుడే రాలాయి.

అయిపోగానే క్షమించమని అడిగాను. మాలీగారు నా బుగ్గలు రెండూ పట్టుకుని, "రాజుగారు వింటే, ఆ జారుడు ఎక్కడ నేర్చుకున్నావని ముందు అదే అడిగేవారు," అన్నారు. నాకు నేల మీద కాళ్లు ఆగలేదు. స్టేషను దాకా పరుగులాంటి నడక నడిచాను.

సాయంత్రం అయిదింటి బస్సుకి తిరుగు ప్రయాణం. మంచు వల్ల బస్సు నత్తలా సాగుతోంది. మాలీగారు కాలింగ్ కార్డు గీకి బ్యాంకాక్‌లో చెల్లెలికి ఫోన్ చేశారు. అక్కడ ఆదివారం ఉదయం. రాజుగారున్న ఆసుపత్రి పచ్చికలో వందలమందితోపాటు ఆవిడా కూర్చుని ఉందట. కాసేపు థాయ్‌లో గలగలా మాట్లాడి, మాలీగారు స్పీకర్ వేసి ఫోన్ని నా ముందు పెట్టారు. "వినిపించమంటోంది."

డ్రైవరుని అడిగాను. "ఒక్క పాట. మెల్లగా," అన్నాడు.

సీట్ల మధ్య నిలబడి, ఫోన్ దగ్గరగా వాయించాను. ఆపగానే ఫోన్లోంచి చిన్న హోరు. పచ్చిక మీదివాళ్లు ఒకరి తర్వాత ఒకరు పాట అందుకున్నారు.

"రాజుగారికి వినిపించి ఉంటుందా?" అని అడిగాను.

"ఆయన గది చాలా పైన. కిటికీలు మూసి ఉంటాయి," అన్నారు మాలీగారు కళ్లు తుడుచుకుంటూ. "అయినా నర్సులు వింటారు కదా. పైకి వెళ్లి చెబుతారు."

రాజులంటే నాకు స్కూలు పుస్తకంలోని కిరీటాలే. ఇక మీదట ఆ మాట వింటే, పరాయి ఊళ్లో చలికాలాన పసిబిడ్డని ఎత్తుకున్న ఒక స్టూడెంట్ జంట గుర్తొస్తుంది.

ఫోన్ స్పీకర్లోంచి పాట వస్తూనే ఉంది. ఎవరికి ఎవరూ ఏమీ కాని ఆ బస్సులో పాదాలన్నీ మూడు దెబ్బల లెక్కలో కదులుతున్నాయి. శ్రీధర్ ఒక్కడే, పక్కవాళ్లని చూసి కూడా మారకుండా, హాయిగా నాలుగు దెబ్బల లెక్క వేస్తున్నాడు.