సరుగుడు చెట్ల ఇవతల

ఆ రోజు నేను చేసిన తప్పు అప్పటికి తప్పులా కనిపించలేదు. మంగినపూడి బీచ్ దగ్గర కారును సరుగుడు చెట్ల నీడన ఆపి, అక్కను అందులోనే కూర్చోమన్నాను.

మొన్న మే నెలలో ఒక ఆదివారం అది. అక్క నాకన్నా పదేళ్లు పెద్దది. బావ పోయాక కంకిపాడులో ఒక్కతే ఉంటోంది. కిడ్నీలు పాడై రెండేళ్లుగా డయాలసిస్ మీద బతుకుతోంది. వారానికి మూడుసార్లు నేనే విజయవాడ ఆసుపత్రికి తీసుకెళ్లి, గుమ్మం దగ్గర దింపి, ఆఫీసుకు పోయేవాణ్ణి. చేతి నరాలు పనికిరాకుండా పోయాక మెడ దగ్గర గొట్టం వేశారు. ఇది కూడా పాడైతే ఇంకో దారి లేదని డాక్టరు గారు నన్ను పక్కకు పిలిచి చెప్పారు. అక్కకు నేను చెప్పలేదు, ఆమె అడగలేదు. ఒక్కటి మాత్రం అడిగింది.

"పిల్లలకు సెలవులు కదరా. బందరు వైపు వెళ్తే నన్నూ తీసుకుపో. పెళ్లికి ముందెప్పుడో చూశా సముద్రాన్ని. ఒక్కసారి చూసొస్తా."

తీసుకెళ్లాను. కారు దిగబోతుంటే ఆపింది నేనే.

"ఇసుక కాలిపోతోందక్కా. గొట్టం తడిస్తే మళ్లీ జ్వరం. ఏసీ వేసి ఉంచుతా, కూర్చో. ఎండ తగ్గాక నేనొచ్చి తీసుకెళ్తా."

"వదినకు తోడుగా నేనుంటాలెండి" అంది నా భార్య.

"ఫోనుందిగా, నువ్వెందుకు?" అన్నాను.

"వెళ్లండమ్మా. నేనెక్కడికి పోతాను?" అని నవ్వింది అక్క.

ఆ సాయంత్రం సంతోషంగా గడవలేదని అబద్ధం చెప్పను. పిల్లలు గుర్రమెక్కారు. అలల్లో పడి లేచాం. తాటిముంజెలు తిన్నాం. పడవ ఎక్కి దిగాక మావాడు ఇంకోసారి అంటే సరేనన్నాను. అక్క గుర్తు రాలేదా అంటే, వచ్చింది. ఇదొక్కటీ అయ్యాక వెళ్దాం అనుకున్నాను, ప్రతిసారీ. ఈలోగా మబ్బు కమ్మి, గాలి లేచి, చినుకులు మొదలయ్యాయి. అందరం కారు దగ్గరకు పరిగెత్తాం. అక్కే తువ్వాలు తీసి పిల్లల తలలు తుడిచింది.

పామర్రు దగ్గరకొచ్చాక మావాడు అడిగాడు.

"అత్తా, నేను గుర్రమెక్కడం చూశావా?"

"కనిపించలేదురా. చెట్లు అడ్డం కదా."

"మరి సముద్రం?"

"చప్పుడు బాగా వినిపించింది."

"దిగి రావొచ్చుగా!"

"మీ నాన్న వస్తానన్నాడుగా."

ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. నా భార్య కిటికీలోంచి బయటకు చూస్తూ ఉండిపోయింది. ఎదురుగా ఏ బండీ లేకపోయినా నేను హారన్ కొట్టాను.

మరుసటి ఆదివారం ఎవరికీ చెప్పకుండా, డిక్కీలో ఒక ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని అక్క ఇంటికి వెళ్లాను. నీళ్ల అంచున కుర్చీ వేసి కూర్చోబెట్టాలని నా ఆలోచన. అప్పటికే ఆమె పాదాలు చెప్పులు పట్టనంతగా వాచి ఉన్నాయి. అయినా కాదనకుండా బయలుదేరింది. ఉయ్యూరు దాటేసరికి ఆయాసం మొదలైంది.

"తిప్పెయ్యరా."

"ఇంకాస్త దూరమే అక్కా."

"నా వల్ల కావట్లేదురా."

కారు తిప్పాను. అక్కణ్ణుంచి నేరుగా ఆసుపత్రికే వెళ్లాం. గతుకుల్లో కారు పడ్డప్పుడల్లా వెనక కుర్చీ కొట్టుకుంటూనే ఉంది. ఆ తర్వాత అక్క ఆసుపత్రికి తప్ప గడప దాటలేదు. ఇక దాటుతుందనే ఆశ నాకు లేదు.

ఇప్పుడు గుమ్మం దగ్గర దింపి పోవడం మానేశాను. జీతం తెగినా సెలవు పెట్టి, మిషను తిరిగినంతసేపూ పక్కనే కూర్చుంటున్నాను. దీంతో ఆ సాయంత్రం తిరిగి రాదని తెలుసు. మొన్న అక్క కళ్లు మూసుకునే అడిగింది.

"సముద్రం ఏ రంగులో ఉందిరా ఆ రోజు?"

ఎంత ఆలోచించినా సరిగా గుర్తు రాలేదు. నేనూ చూడలేదన్నమాట.

"ఒడ్డు దగ్గర మట్టిరంగు. దూరాన... సరిగా చూడలేదక్కా" అన్నాను.

"సరేలే. నువ్వెళ్లి టీ తాగిరా."

"తర్వాత తాగుతాలే" అని, స్టూలు మంచానికి దగ్గరగా జరుపుకుని కూర్చున్నాను.