తప్పు మిస్ ఓపల్ కళ్ళది కాదు

పాలిస్టర్ బట్ట కాలబోయే ముందు ఒక వాసన వస్తుంది. పోయిన శనివారం మా సహస్ర హైస్కూల్ గ్రాడ్యుయేషన్ కోసం ఆన్‌లైన్‌లో తెప్పించిన కండువా ముడతలు తీద్దామని ఇస్త్రీపెట్టె ఆనించగానే ఆ వాసన ముక్కుకు తగిలింది. "అమ్మా, అది మెల్ట్ అయిపోతుంది, ఆపు!" అని సహస్ర వంటింట్లోంచి అరిచింది. ఆపాను. కానీ అప్పటికే నా మనసు పన్నెండేళ్ళు వెనక్కి, మేముండే నోవై ఊరికి అరగంట దూరంలో ఉన్న ఒక యూనివర్సిటీలో, కిటికీ లేని గదిలోకి వెళ్ళిపోయింది. ఆ గదిలో ఇస్త్రీబల్ల ముందు నిలబడి "పెట్టెను తోయకు బేబీ, పెట్టి ఎత్తు, పెట్టి ఎత్తు" అని చెప్పే పెద్దావిడ ఉండేది. అందరూ మిస్ ఓపల్ అనేవాళ్ళు. ఆవిడ పోయి ఐదు నెలలైంది.

మా ఆయన మురళి కార్ల కంపెనీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మీద ఇక్కడికి వచ్చాడు. నాది ఆయన వెనకాల వచ్చిన డిపెండెంట్ వీసా, ఉద్యోగం చేయకూడదు. ఎంసీఏ చదివిన నేను మూడు పూటలా వండి, మంచు పడితే కిటికీలోంచి చూసి, పడకపోతే ఎప్పుడు పడుతుందా అని చూస్తూ కూర్చునేదాన్ని. ఒకరోజు సహస్రను లైబ్రరీకి తీసుకెళ్ళినప్పుడు గోడ మీద చేత్తో రాసిన కాగితం కనిపించింది. సూది పట్టడం వచ్చినవాళ్ళు కావాలి, జీతం లేదు, కాఫీ ఉంది అని. జీతం లేదన్న మాటే నాకు కావలసింది. ఖమ్మంలో మా అమ్మ ఇంట్లోనే జాకెట్లు కుట్టేది. చీరలకు ఫాల్ కుట్టడం నా వంతు. దారం పైకి కనిపించకుండా కుట్టడంలో మా వీధిలో నన్ను మించినవాళ్ళు లేరని నాకు కాస్త పొగరు కూడా ఉండేది.

ఆ యూనివర్సిటీలో ఏటా పట్టాలిచ్చే పెద్ద సభకు ముందురోజు మధ్యాహ్నం, నల్లజాతి విద్యార్థుల కోసం విడిగా ఒక సభ జరిగేది. మిస్ ఓపల్ అక్కడే చాలా ఏళ్ళు గుమాస్తాగా పనిచేసి రిటైరయింది. ఆవిడ చేరిన రోజుల్లో పెద్ద సభలో తనలాంటి మొహాలు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని ఉండేవట. "మా పిల్లల పేర్లు పిలిచినప్పుడు హాలు చల్లబడిపోయేది. నేను ఫైళ్ళు వదిలేసి పరుగెత్తుకెళ్ళి వెనక నిలబడి చప్పట్లు కొట్టేదాన్ని" అని చెప్పేది. (ఆవిడ ఇంగ్లీషులో అన్నవన్నీ నాకు వచ్చిన తెలుగులో చెబుతున్నాను.) ఆ చప్పట్ల నుంచే మెల్లగా ఈ సభ పుట్టింది. ప్రతి విద్యార్థికీ ఆఫ్రికా నేత రంగుల కండువా ఆవిడే కుట్టేది. కండువా లోపలివైపు, గుండె మీద పడే చోట, వాళ్ళు ఇంటి నుంచి తెచ్చుకున్న పాత బట్ట ముక్క ఒకటి కుట్టాలి. అమ్మమ్మ వంటింటి ఏప్రన్‌లోదో, తల్లి నర్సు యూనిఫాంలోదో. సభలో విద్యార్థి సాధించిందేమిటో మిస్ ఓపల్ చెబుతుంది. అప్పుడు ఆ విద్యార్థి కండువా అంచు తిప్పి, లోపలి ముక్క అందరికీ చూపించి, అది ఎవరిదో చెప్పాలి. అందుకే కత్తెర పెట్టేముందు ఆవిడ ప్రతి ముక్కనూ అరచేతిలో పరుచుకుని "ఇది ఎవరిది?" అని అడిగేది. జవాబు ఎంత పొడుగున్నా కూర్చుని వినేది.

మొదటిరోజు నేను కారు తాళం వేశానో లేదో రెండుసార్లు వెనక్కి వెళ్ళి చూసుకున్నాను. ఇండియా నుంచి ముందే వచ్చినవాళ్ళు ఏ పేటకు వెళ్ళాలో ఏ పేటకు వెళ్ళకూడదో నాకు బాగా నూరిపోశారు మరి. మిస్ ఓపల్ తలుపు దగ్గర నిలబడి అదంతా చూసింది. మనకున్న అలవాటు కొద్దీ నేను ఆవిడను "ఆంటీ" అన్నాను. ఆవిడ చేతిలో కొలత టేపు ఆగిపోయింది. "నువ్వు గౌరవంతోనే అన్నావని తెలుసు బేబీ. కానీ మా అమ్మ తెల్లవాళ్ళ ఇళ్ళల్లో పనిచేసేటప్పుడు ఆమెకు పేరు అక్కర్లేదనుకున్నవాళ్ళు అలాగే పిలిచేవాళ్ళు. నన్ను మిస్ ఓపల్ అను" అంది. సిగ్గుతో చచ్చిపోయాను. నా గౌరవం ఇంకొకరి ఒంటికి ఎలా తగులుతుందో అడిగి తెలుసుకోవాలని ఆరోజే అర్థమై ఉండాల్సింది. కాలేదు.

నువ్వేం చేస్తుంటావని ఆవిడ అడిగితే "నథింగ్, హౌస్‌వైఫ్" అన్నాను. "ఆ మొదటి మాట తీసేసి మళ్ళీ చెప్పు" అంది. మళ్ళీ చెప్పించింది కూడా. సభలో చెప్పడానికి ఆ పిల్లలు తమ గురించి రాసిచ్చిన చీటీలు నాచేత గట్టిగా చదివించి నా ఇంగ్లీషుకు భయం పోగొట్టింది. నా చేతికుట్టు చూసి, ఇంతమందిలో తన కుట్టు పక్కన పెడితే తేడా తెలియనిది నాదొక్కదే అంది. ఈ దేశంలో నన్ను మొదట మెచ్చుకున్న మనిషి ఆవిడే. మూడేళ్ళు ఆ గదికి వెళ్ళాను.

మూడో ఏడు సభకు వారం ముందు మిస్ ఓపల్ కంటికి శుక్లం ఆపరేషన్ అయింది. మిగిలిన ఆరు కండువాలు నాకిచ్చి ఇంట్లో కుట్టి తెమ్మంది. అందులో ఒకటి మార్కస్‌ది. మెకానికల్ ఇంజినీరింగ్ పిల్లాడు, చక్రాల కుర్చీకి కొత్తరకం బ్రేకు తయారుచేసి కాలేజీలో మొదటి బహుమతి తెచ్చుకున్నాడు. వాళ్ళ నాన్న కార్ల భాగాలు పోతపోసే ఫ్యాక్టరీలో పనిచేసి, మార్కస్ రెండో ఏడు చదువుతుండగా పోయాడు. మార్కస్ తెచ్చింది ఆయన పని చొక్కా జేబు. నీలం రంగు, నిండా గ్రీజు మరక, నిప్పురవ్వ పడి కాలిన చిల్లి. దాన్ని చేత్తో పట్టుకోగానే నాకు మనసొప్పలేదు. మా ఇళ్ళల్లో పోయినవాళ్ళ బట్టలు దాచుకోరు, ఎవరికో ఇచ్చేస్తారు. శుభమా అని పిల్లాడు పట్టా పుచ్చుకుంటుంటే గుండె మీద ఈ మాసిన ముక్కా అనుకున్నాను. ఎప్పుడో తాంబూలంలో వచ్చిన నీలం జాకెట్టు ముక్క బీరువాలో ఉంది. అందులోంచి అదే కొలతకు కత్తిరించి, మా అమ్మ చేసినట్టు ఒక మూలకు పసుపు పెట్టి, ఎంతో ముచ్చటగా కుట్టాను. చొక్కా జేబు చెత్తసంచీలో వేశాను. మంగళవారం బండి వచ్చి తీసుకుపోయింది. ఒక్క ఫోన్ చేసి అడిగితే సరిపోయేది. అడగాలని తోచనంత గట్టిగా, మంచి చేస్తున్నానని నమ్మాను.

సభలో మిస్ ఓపల్ నల్లకళ్ళద్దాలు పెట్టుకుని, చీటీలు చదవలేక అందరివీ బట్టీపట్టి చెప్పింది. నేను వెనక వరసలో ఐదేళ్ళ సహస్రను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. మార్కస్ వంతు వచ్చింది. వాళ్ళమ్మ కండువా వేసింది. వాడు నవ్వుతూ అంచు తిప్పి "ఇది మా నాన్న" అనబోయి ఆగిపోయాడు. ముక్కను వేలితో తడిమాడు. "ఇది మీ నాన్నది కాదే" అని వాళ్ళమ్మ మెల్లగా అన్న మాట మైకులో హాలంతా వినిపించింది. మిస్ ఓపల్ వాళ్ళ దగ్గరికి వెళ్ళి కండువా కంటికి ఆనించుకుని చూసింది. పసుపు మూల దగ్గర ఆవిడ వేలు ఆగింది. తలెత్తి హాలంతా వెతికి నా వైపు చూసింది. నల్లద్దాల వెనక ఆ కళ్ళు నా మీదే ఉన్నాయని నాకు తెలుసు.

లేచి నిలబడి "నేనే" అంటే చాలు. లేవలేదు. సహస్ర ఒళ్ళో నిద్రపోతోంది, లేస్తే ఏడుస్తుంది అనుకున్నాను. వీసా మీద ఉన్నాం, ఎందులోనూ తలదూర్చకు అని మురళి రోజూ చెప్పే మాట గుర్తొచ్చింది. అసలు సంగతి ఏమిటంటే, అంతమంది ఒకేసారి తల తిప్పి నన్ను చూస్తారని భయపడ్డాను. నేను చూస్తూ ఉండగానే మిస్ ఓపల్ మైకు అందుకుంది. "తప్పు నాది నాయనా. ఈ కళ్ళతో ముక్కలు కలిపేశాను. నన్ను క్షమించు" అంది. మార్కస్ ఆవిడను కావలించుకున్నాడు. హాలంతా చప్పట్లు కొట్టింది. నేను కూడా కొట్టాను.

తర్వాత ఆవిడను ఇంటి దగ్గర దింపడానికి నా కారులోనే తీసుకెళ్ళాను. "జేబు ఎక్కడుంది?" అని అడిగింది. పారేశానని చెప్పాను. "ఆ మరక కోసమే వాడు ఆ ముక్క తెచ్చాడు బేబీ. మంచి చొక్కా కూడా ఉండే ఉంటుంది ఆయనకు, అది తేలేదు చూడు" అంది. దిగేముందు, "వాడికి నువ్వే చెప్పాలి. నేను చెప్పను, అది నా పని కాదు" అంది. రేపు చెబుతానన్నాను.

ఆ రేపు రాలేదు. మార్కస్ నంబరు నా ఫోన్‌లో ఉంది. ముందు వాడి ఉద్యోగం కుదరనీ అనుకున్నాను, తర్వాత ఇన్నాళ్ళకు చెబితే ఏం బాగుంటుందిలే అనుకున్నాను. ఈలోగా ఆ సభ జరిపించే ఆఫీసువాళ్ళు వచ్చే ఏటి నుంచి కండువాలు కంపెనీ నుంచి తెప్పిద్దామని నిర్ణయించారు. మిస్ ఓపల్‌కు కళ్ళు ఆనడం లేదు, పాపం విశ్రాంతి తీసుకోవాలి అన్నారు. పూలగుత్తి ఇచ్చారు, పేరు చెక్కిన పలక ఇచ్చారు. నిజానికి ఆపరేషన్ తర్వాత ఆవిడ సూదిలోకి దారం నాకంటే ముందు ఎక్కించేది. ఆ మాట అంటే, మరి ఆరోజు ముక్క ఎలా మారిందని అడుగుతారు. అందుకని ఆవిడ పూలు తీసుకుని, థాంక్యూ చెప్పి, గది తాళం ఇచ్చేసింది. లోపలి ముక్కలు కుట్టే పద్ధతి అంతటితో పోయింది. నాకు పనిచేసుకునే అనుమతి వచ్చింది, ఉద్యోగం వచ్చింది, తీరిక లేదన్న సాకు కూడా వచ్చింది. ఏడాదికి రెండుసార్లు ఫోన్ చేసేదాన్ని. చెప్పావా అని ఆవిడ ఒక్కసారీ అడగలేదు. పెట్టేసే ముందు మాత్రం "ఇంకేమైనా ఉందా బేబీ?" అనేది. "ఏం లేదు మిస్ ఓపల్" అనేదాన్ని.

జనవరిలో ఆవిడ అంత్యక్రియలకు వెళ్ళాను. చర్చి బయట మోకాలి లోతు మంచు. లోపల ఎక్కడెక్కడి నుంచో వచ్చిన ఆ పాత విద్యార్థులు, జుట్టు పలచబడినవాళ్ళు, పిల్లల్ని ఎత్తుకున్నవాళ్ళు, అందరూ నల్లకోట్ల మీద తమ కండువాలు వేసుకున్నారు. శవపేటిక ముందు ఒక్కొక్కరే ఆగి, అంచు తిప్పి, లోపలి ముక్క ఆవిడకు చూపించి వెళ్తున్నారు. మార్కస్ కూడా తిప్పాడు. నీలం జాకెట్టు ముక్క, మూలకు వెలిసిపోయిన పసుపు. వాడు దాన్ని విప్పించలేదు.

బయట కార్ల దగ్గర వాణ్ణి ఆపి అంతా చెప్పాను. కోపమో ఏడుపో వస్తుందనుకున్నాను. వాడు నిదానంగా విన్నాడు. "నేను ఏటా క్రిస్మస్‌కి ఆవిడ ఇంటికి వెళ్ళేవాణ్ణి. కళ్ళదేముంది మిస్ ఓపల్, మర్చిపోండి అని ఏటా ఓదార్చేవాణ్ణి. ఆవిడ నవ్వేది" అన్నాడు. తర్వాత నా మొహంలోకి చూశాడు. "మా నాన్న చొక్కా సంగతి నేను క్షమించగలను మేడమ్, మీకు తెలియక చేశారు. కానీ మీరు ఆరోజు నోరు విప్పి ఉంటే ఆవిడ చేతిలో సూది ఉండేది. అది క్షమించడానికి నేనెవర్ని?" అన్నాడు. చలికి చేతులు జేబుల్లో పెట్టుకుని వెళ్ళిపోయాడు. నిజమే, అడగాల్సిన మనిషి లోపల పేటికలో ఉంది.

శనివారం సంగతి మిగిలింది. ఇస్త్రీ ఆపేశాక సహస్ర వచ్చి, "అమ్మా, మిస్ ఓపల్ పెట్టినట్టు దీంట్లో ఒక పీస్ పెట్టవా?" అని అడిగింది. చేతిలో నా పాత చున్నీ ఉంది, వంట చేసేటప్పుడు భుజాన వేసుకుని చేతులు తుడుచుకునేది, నిండా పసుపు మరకలు. "ఛీ, అదెందుకే? బీరువాలో నా పెళ్ళి పట్టుచీర జాకెట్టు ముక్క ఉంది, అది పెడతాను" అనేశాను. ఇంత జరిగాక కూడా నా నోట్లోంచి వచ్చిన మాట అది. "నో, ఇదే కావాలి. స్టెయిన్ ఉన్న సైడే" అంది.

అప్పుడు దాన్ని కూర్చోబెట్టి ఇదంతా చెప్పాను. నువ్వు ఒళ్ళో నిద్రపోతున్నావు, అందుకే లేవలేకపోయాను అని కూడా చెప్పాను. ఇన్నేళ్ళుగా నాకు నేను చెప్పుకుంటున్నది అదే కదా. సహస్ర చున్నీ అంచు వేలికి చుట్టుకుంది. "నేను స్లీప్ అవ్వలేదమ్మా ఆరోజు. మార్కస్ వాళ్ళమ్మ ఏడుస్తుంటే చూద్దామని దిగబోయాను. నువ్వే నన్ను టైట్‌గా పట్టుకున్నావ్. హర్ట్ అయింది కూడా" అంది.

"ఇది ఎవరిది?" అని అడిగేవాళ్ళు లేరు. నేనే మనసులో అడిగి, మరక ఉన్న వైపే కత్తిరించి, లోపలివైపు పెట్టి కుట్టాను. కుట్లు వంకర పోయాయి, నాలుగుచోట్ల దారం పైకి కనిపిస్తోంది. విప్పి మళ్ళీ కుట్టలేదు.