బావిలోకి పిలిచే పేరు

పద్దెనిమిది వందల ఎనభైల మొదట్లో నన్ను గోదావరి డెల్టాలో, సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక చివరి లాకుకి సూపరింటెండెంటుగా వేశారు. లాకు అంటే రెండు జతల తలుపుల మధ్య కట్టిన నీటి గది. కాలువలో వచ్చిన పడవని అందులోకి తీసుకుని, వెనక తలుపులు మూసి, నీటిని నది మట్టానికి దించి, ముందు తలుపులు తీస్తాం. తలుపులు తిప్పేది లస్కర్లు. వాళ్ళ మీద నేను, నా మీద ఓవర్సీయరు, ఆయన మీద దొర. నా హోదా పేరుకే పెద్దది. తలుపు ఇరుక్కుంటే నేనూ నీళ్ళలోకి దిగవలసిందే.

లాకు పక్కన సర్కారు బావి ఒకటి ఉండేది. చుట్టుపక్కల నీళ్ళన్నీ ఉప్పే కాబట్టి పడవలవాళ్ళంతా అక్కడే తోడుకునేవారు. ఒక వేసవి మధ్యాహ్నం కాకినాడ పడవలోంచి ఒక కొత్త మనిషి దిగాడు. నలభై ఏళ్ళుంటాయి. పంట్లాం తొడుక్కున్నాడు, మెడలో శిలువ ఉంది. చేద అందుకుని, బావిలోకి వంగి, "తుంగలంక" అని గట్టిగా పిలిచి, అప్పుడు చేద వేశాడు.

తుంగలంక మా ఇంటిపేరు. అంతేకాదు, కొత్త బావిలో మొదటి చేద వేసే ముందు ఇంటిపేరు పిలవడం మా ఇంట్లో తాతల నాటి ఆచారం. ఎందుకని అడిగితే, మడిలో ఉన్నప్పుడు పిచ్చి ప్రశ్నలు వేయకురా అని నాన్నగారు కసిరేవారు. ఆయన ఎప్పుడూ మడిలోనే ఉండేవారు. వైదికుల ఇంట పుట్టిన నాకూ, శిలువ వేసుకున్న ఈ మనిషికీ ఒకే పేరు, ఒకే ఆచారం ఎలా వచ్చాయో అర్థం కాలేదు.

పిలిచి అడిగాను. పేరు ఆంటొని, ఇంటిపేరు తుంగలంకే అట. పుట్టింది మారిషస్ దీవిలో. వాళ్ళ నాన్న చెరకు తోటల పనికని కోరంగి రేవులో ఓడెక్కి వెళ్ళి, అక్కడే మతం పుచ్చుకుని, అక్కడే పోయాడు. ఆంటొనికి తండ్రి నేర్పిన తెలుగే తెలుగు. చంటిపిల్లలు మాట్లాడినట్టు ముక్కలు ముక్కలుగా ఉండేది. ఒక రేకు డబ్బాలో తండ్రి సమాధి మట్టి తెచ్చాడు. దాన్ని తుంగలంకలో కలుపుతానని, పోయే మనిషి చేతిలో చెయ్యి వేసి మాటిచ్చాడు. తిరుగు ఓడకి ఇక రెండు రోజులే ఉంది. ఏ కచేరీలో అడిగినా ఆ ఊరు లేదన్నారట. నా దగ్గరున్న పటంలోనూ లేదు.

"ఊరు లేదు. మరి పేరు ఎలా వచ్చింది అయ్యా?" అన్నాడు. నలభై ఏళ్ళొచ్చిన మనిషి అలా డబ్బా పట్టుకుని నిలబడితే జాలేసింది.

రోజూ చేపల గంపతో వచ్చే పోలమ్మ అప్పుడు అక్కడే ఉంది. ఆమెది పక్క పల్లెలోని బెస్తవారి ఇల్లు. ఇంటిపేరు, నా ఖర్మ కొద్దీ, తుంగలంకే. "సూపర్నెంటుగారి చుట్టం వచ్చిందండి" అని లస్కర్లు ఆటపట్టిస్తే నాకు అరికాలి మంట నెత్తికెక్కేది. ఆమె గంప దించి ఆంటొని మొహంలోకి చాలాసేపు చూసింది.

"ఊరు లేకేంటండి. నీళ్ళ కిందుంది. మేం అక్కడ వలెయ్యమండి. మనోళ్ళ ఇళ్ళ మీద వలేత్తామేంటండి?" అంది. ఆ మనోళ్ళలో నన్నూ కలిపేసుకుంది.

ఆమె చెప్పినది ఇది. లంక అంటే నది మధ్య మేట వేసిన నేల. తుంగ దట్టంగా మొలిచేది కాబట్టి అది తుంగలంక. అన్ని కులాలవాళ్ళూ ఉండేవారు. ఎవరి వాడ వారిది, ఎవరి ఇంటిపేరు వారిది. ఒక రాత్రి ఉప్పెన వచ్చి అంతా ముంచేసింది. ఎత్తుగా కట్టిన బావి గట్టు ఒక్కటే మిగిలింది. అందినవాళ్ళు దాన్ని పట్టుకున్నారు. కటిక చీకట్లో ఎవరున్నారో, ఎవరు కొట్టుకుపోయారో తెలియక, ఊరి పేరు పెట్టి పిలుచుకున్నారు. పలికినవాళ్ళు బతికున్నట్టు. తెల్లవారాక మిగిలినవాళ్ళు పాత ఇంటిపేర్లు వదిలేసి, ఊరి పేరే పెట్టుకుని, తలో దారీ పట్టారు. తర్వాత నది ఆ లంకని కోసుకుపోయింది.

"పలకనోళ్ళు ఇంకా అందులోనే ఉన్నారండి. అందుకే బావి కనబడితే పిలవాలి. మీ తాతగారు తెల్లార్లూ మా తాత మెడ పట్టుకునే ఉన్నారంటండి. ఆయ్."

మా తాతగారు ఈ సంగతి ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదు.

కాలువ నదిలో కలిసేచోట లోతులు చూడటం నా పనుల్లో ఒకటి. అందుకు అడుగుల గుర్తులు వేసిన పొడవైన వెదురు గడ ఉండేది. మర్నాడు అదే సాకుగా, పోలమ్మ కొడుకు పడవలో నలుగురం బయలుదేరాం. మిట్టమధ్యాహ్నం. గాలి స్తంభించింది. నది మధ్యకి వెళ్ళాక పోలమ్మ కొంగు తలమీదికి లాక్కుని, ఇక్కడేనండి అంది.

గడ దించాను. చుట్టూ నడుం లోతు నీళ్ళే, కింద ఇసుక. ఆమె చూపిన చోట మాత్రం గడ రాతికి తగిలినట్టు ఠక్కుమంది. కాస్త పక్కకి జరిపితే లోపలికి జారింది. జారుతూనే పోయింది. నా మణికట్టు నీళ్ళలో మునిగినా అడుగు తగల్లేదు.

పోలమ్మ పిలిచింది. ఆంటొని డబ్బా గుండెకి హత్తుకుని పిలిచాడు. ఇది నా ఉద్యోగానికి తగిన పని కాదనుకుంటూనే నేనూ పిలిచాను. ఆంటొని డబ్బా వంచాడు. ఆ మట్టి నీళ్ళలో చెదరలేదు. సన్నటి ధారలా కిందికి దిగిపోయింది.

అప్పుడు నా చేతిలో గడ కదిలింది. బావి గట్టు మీద మనిషి చేదతాడు గుంజి చూసుకున్నట్టు, ఒకసారి, మళ్ళీ ఒకసారి. నాకు భయం వేసి వదిలేశాను. ప్రవాహం తాకిడి అయితే గడ పక్కకి వాలాలి. వదిలేసిన వెదురు పైకి తేలాలి. వాలలేదు, తేలనూ లేదు. ఎంతసేపు చూసినా నీటి మీదికి రాలేదు.

"పలికారండి," అంది పోలమ్మ మామూలుగా.

"మా నాన్నా?" అన్నాడు ఆంటొని.

"ఎవరైతే ఏంటి బాబూ. మనోళ్ళే."

ఆంటొని పడవలో కూలబడి, మొహం చేతుల్లో దాచుకుని ఏడ్చాడు. మర్నాడు ఓడ అందుకున్నాడు. గడ పోగొట్టినందుకు నేను సంజాయిషీ రాసుకోవలసి వచ్చింది. ఓవర్సీయరుగారు కొత్తది పంపుతూ, దీన్నైనా గట్టిగా పట్టుకోండి అన్నారు.

ఇంటిపేరు మన రక్తం ఎక్కడిదో చెబుతుందని అంతవరకూ అనుకునేవాణ్ణి. మా పేరు చెప్పేది, ఆ రాత్రి ఎవరు ఎవరిని పట్టుకుని వేలాడారో ఆ సంగతి. తర్వాత లస్కర్లు చుట్టమంటే కాదనలేదు. ఉద్యోగం విరమించాక కట్టుకున్న ఇంట్లోనూ బావి తవ్వించాను. అందులోకీ పిలిచాను. అయితే ఇదివరకటిలా పిలిచిన వెంటనే చేద వేయలేదు, కాసేపు ఆగాను. అవతలివాళ్ళు పలికే వ్యవధి ఇవ్వకుండా పిలవడం మర్యాద కాదు.