దవడ కింద రెండు వాతలు

ఎదురింటి గేటుకు వెల్డింగ్ చేస్తున్నారు. కాలిన ఇనుము వాసన తగిలిందో లేదో, నా చేయి దవడ కిందికి పోయింది. అక్కడ రెండు వాతలున్నాయి. పెట్టింది మా నాన్నకు అక్క, తల్లి లేని నన్ను పెంచిన మా అత్త.

అప్పటికి నాకు పదహారేళ్లు. బళ్లారి బజారులో మాది ధాన్యం కొట్టు. అప్పుడప్పుడూ అన్నం ముందు కూర్చోగానే దవడ కింద నిమ్మకాయంత వాపు లేచేది. గోనెసంచులు కుట్టే దబ్బనం ఎర్రగా కాల్చి వాతలు పెట్టడంలో అత్తది అందెవేసిన చేయి. వీధి వీధంతా ఆమె దగ్గరికే వచ్చేది. నాకూ పెట్టింది. గంటలో వాపు దిగింది. "సూస్తివా నా చెయ్యి!" అని మురిసిపోయింది. నెలకు మళ్లీ లేస్తే మళ్లీ పెట్టింది. మూడోసారి దబ్బనం పొయ్యిలో ఉండగా నాన్న అడ్డం పడ్డాడు.

"దవాఖానకి పోదాం అక్కా. ఆడపిల్ల మొగమది."

"రాచపుండైతే ఆ డాక్టరేం పీకుతాడప్పా?" అంటూనే అత్త కూడా బయలుదేరింది. రాచపుండంటే క్యాన్సరు; దారి పొడుగునా దవడ తడుముకుంటూనే నడిచాను.

డాక్టరు కన్నడంలో "బాయి తెగి" అని నోరు తెరిపించి, నాలుక మీద చింతపండు పెట్టాడు. మా కళ్లముందే వాపు ఇంకా ఉబ్బింది. "దేవుడా!" అని అత్త గోడకానుకుంది. ఆయన నాలుక కింద వేలు పెట్టి తడిమి, నవ్వాడు.

"పుండు కాదమ్మా, రాయి. ఉమ్మి వచ్చే దారికి అడ్డం పడిండాది. తినేటప్పుడు ఉమ్మి ఊరి, పోను దారిలేక ఉబ్బుతాది. ఆ ఉమ్మి మెల్లగా జారిపోతే తగ్గుతాది."

"నా వాతకే గదా తగ్గింది?"

"ఏమీ పెట్టకపోయినా తగ్గేదే."

సూదిమందుతో మొద్దుబరిచి, నాలుక కింద చిన్న గాటు పెట్టాడు. జొన్నగింజంత పసుపు రాయి పింగాణీ పళ్లెంలో టక్కుమని పడింది. అత్త దాన్ని చూసింది, నా దవడ చూసింది.

మర్నాడు ఒక తల్లి మెడ వాచిన పిల్లను ఎత్తుకొచ్చింది. వాకిట్లో పదిమంది ఉన్నారు. అత్త దబ్బనం తెస్తుందనుకున్నాను. నన్ను పిలిచి, గడ్డం పట్టి పైకెత్తి అందరికీ చూపించింది.

"లోపల రాయి ఉంటే నేను బిడ్డ తోలు కాల్చినా. నాకేమీ తెలీదమ్మా. పా, దవాఖానకి నేనే పిల్చుకపోతా."

ఎవరి ముందూ తగ్గి ఎరగని మనిషి!

తర్వాత ముప్పై ఏళ్లు బడిలో పాఠాలు చెప్పాను. తెలియనిది పిల్లలు అడిగితే తెలియదనే చెప్పాను. ఒక్క పిల్లాడి ముందు ఆ మాట అనడానికే నాకు నోరు ఎండిపోయేది. అంతమందిలో అత్త ఎలా అనగలిగిందో, ఇప్పటికీ నాకు అర్థం కాదు.