తాతయ్య సెగ చూపిన డ్రమ్ము

నా చిన్నప్పుడు, ఆలూరులో మా తాతయ్య వాళ్ల చర్చి ఆవరణలో, ఒక కోత పండుగ సాయంత్రం విన్న డ్రమ్ముల మోత ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. నా మనవడు ఫోనులో విదేశీ రాక్ బృందాల కచేరీలు చూపిస్తుంటాడు. మైదానం నిండా జనం, రంగురంగుల దీపాలు, మధ్యలో చెమటలు కక్కుతూ డ్రమ్మర్. "ఎట్లున్నది నానమ్మా?" అని అడుగుతాడు. బాగానే ఉందంటాను. బాగానే ఉంటుంది కూడా. కానీ నేను విన్నది వాడు వినలేదు కదా, పాపం.

మా చిన్నమామ అప్పట్లో సికింద్రాబాదులో హాస్టల్లో ఉండి కాలేజీలో చదివేవాడు. చదువు సంగతి దేవుడెరుగు, ముగ్గురు స్నేహితులతో కలిసి రాక్ బృందం పెట్టాడు. ఇద్దరు గిటార్లు, ఒకడు పాట, మామ డ్రమ్ములు. ఆ కబురు వినగానే మా తాతయ్య అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. ఆయన కోపానికి కారణం లేకపోలేదు. వయసులో ఉన్నప్పుడు ఆయన డప్పుకు చేవెళ్ల చుట్టుపక్కల మంచి పేరుండేది. పెళ్లికైనా చావుకైనా ఆయన దరువు ఉండాల్సిందే. అన్నం మాత్రం వాకిలి బయట కూర్చుని తినాల్సిందే. కొడుకును బడిలో వేసిన రోజున ఆయన డప్పును అటకెక్కించాడు. ఆ కొడుకే పట్నం పోయి మళ్లీ పుల్లలు పట్టాడంటే ఆయనకు కడుపు మండిపోయింది.

"నా కండ్లవడితే ఆ డప్పును పొయ్యిల వెడ్త" అని నలుగురి ముందూ అన్నాడు. ఆ మాట మామ చెవిన పడింది. పౌరుషంలో తండ్రికి తగ్గ కొడుకే, ఇంటికి రావడమే మానేశాడు. క్రిస్మస్ నాడు కూడా రాలేదు. అమ్మమ్మ అందరితో పాటు మామకూ కంచం పెట్టి, కాసేపు చూసి, మళ్లీ తీసేసింది. తాతయ్య అది చూసి కూడా చూడనట్టే అన్నం కలుపుకున్నాడు. నాకు ఆ ఇంట్లో ఆ పండుగ అస్సలు నచ్చలేదు.

మరుసటి కోతల నాటికి పాస్టరుగారు మధ్యలో కల్పించుకుని, పండుగ పాటలకు మామ బృందాన్నే పిలిచారు. తాతయ్య అవునూ అనలేదు, కాదూ అనలేదు. పండుగ పొద్దున వాళ్లు డ్రమ్ములను బస్సు టాపు మీద చేవెళ్ల దాకా, అక్కడినుంచి ఎడ్లబండిలో ఊళ్లోకి తెచ్చారు. చర్చి వరండాలో దించి మా ఇంటికి భోజనానికి వచ్చారు. తాతయ్య అప్పటికే పొలం పోయాడు. పని ఉండి కాదు, కొడుకు ఎదురుపడితే ఏం మాట్లాడాలో తెలియక. ఇంతలో కాలం కాని కాలంలో సన్నగా తుంపర మొదలైంది.

నేను చర్చి దగ్గర ఆ డ్రమ్ములను చూస్తూ నిలబడి ఉంటే తాతయ్య వచ్చాడు. అటూ ఇటూ చూసుకుని వరండా ఎక్కాడు. అన్నిటికంటే ముందున్న చిన్న డ్రమ్మును వేలితో మీటి, చెవి దగ్గర పెట్టుకున్నాడు. ఛట్‌మని గట్టిగా పలికేది అదే, రాక్ దరువంతా దాని మీదే నడుస్తుందని నాకు తరువాత తెలిసింది.

"సల్లవడ్డది బిడ్డా. వానగాలి గదా. గిట్లనే కొడితే నలుగుట్ల మా పోరని పరువు పోతది" అన్నాడు. "మా పోరడు" అనే మాట ఆయన నోట విని ఎన్నాళ్లయిందో!

చర్చి వెనక చూరు కింద ఇంత ఎండుగడ్డి పోగేసి మంట వేశాడు. డప్పు తడి గాలికి మెత్తబడితే మంట సెగకు కాపుతారు. తోలు బిగిసి గొంతు మళ్లీ వస్తుంది. ఆ పని ఆయనకు వెన్నతో పెట్టిన విద్య. డ్రమ్మును రెండు చేతులతో పట్టుకుని, మెల్లగా తిప్పుతూ, సెగ అంతటా సమానంగా తగిలేలా పట్టాడు. ఆయన ముఖం అంత ప్రశాంతంగా ఉండగా నేనెప్పుడూ చూడలేదు. అంతలోనే గుప్పున ఘాటైన వాసన వచ్చింది. డ్రమ్ము ముఖం చూస్తుండగానే ముడుచుకుపోయింది. తాతయ్య గబుక్కున వెనక్కి లాగాడు గానీ, అప్పటికే పని అయిపోయింది.

ఆయన అక్కడే కూలబడ్డాడు. "అన్నట్టే చేసిన అనుకుంటడు బిడ్డా. ఇగ వాడు నా మొకం సూడడు" అన్నాడు. నాకు ఏడుపు వచ్చింది.

వాసనకు జనం పోగయ్యారు. మామ స్నేహితుల్లో ఒకడు పరుగున వచ్చి డ్రమ్మును చూసి, "అరే, కాలవెట్టిండు! కావాల్ననే కాలవెట్టిండు!" అని అరిచాడు. ఊరివాళ్లలో ఎవరో, "ముసలాయన మాట మీద నిలవడ్డడు" అన్నారు. కాదని చెప్పాలని నేను నోరు తెరిచాను, వెక్కిళ్లు తప్ప మాట రాలేదు.  తాతయ్య తప్పు చేసిన వాడిలా తల వంచుకుని కూర్చున్నాడు.

మామ వచ్చాడు. ఆయన ముఖం ఎర్రబడటం నేను చూశాను. పెదవులు కదిలాయి కూడా. కానీ ఏమీ అనకుండా డ్రమ్మును అందుకుని వెలుతురుకు తిప్పాడు. అంచు వెంట వేలు పెట్టి చుట్టూ తడిమాడు. ఒక చోట ఎక్కువ, ఒక చోట తక్కువ అని లేదు, సెగ అంతటా ఒకే తీరుగా తగిలింది. వేలు ఒక చుట్టు తిరిగి వచ్చాక ఆయన తాతయ్య ముందు గొంతుకూర్చున్నాడు.

"కాపినవా బాపూ?"

తాతయ్య తల ఊపాడు.

మామ స్నేహితుడి వైపు తిరిగాడు. "కాలవెట్టెటోడు గిట్ల తిప్పుకుంట కాలవెడ్తడా రా? మా బాపు నా డ్రమ్ముకు సెగ చూపిండు" అన్నాడు.  తరువాత తండ్రి మోకాలి మీద చెయ్యి వేసి, "ఇది తోలు కాదు బాపు, ప్లాస్టిక్" అన్నాడు.

"గా ముచ్చట ముందుగాల జెప్పొద్దా!" అని తాతయ్య కసిరాడు. అమ్మమ్మ పైట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ తరువాత ఎవరూ ఆగలేదు.

చిన్న డ్రమ్ము లేకుండా రాక్ వాయించడమంటే ఉప్పు లేని పప్పే అని స్నేహితులు నెత్తి కొట్టుకున్నారు. సాయంత్రం తుంపర వెలిశాక పాటలు మొదలుపెడితే, నిజంగానే మొదటి పాట కుంటుతూ నడిచింది. రెండో పాట సగంలో మామ గిటార్లను ఆగమని సైగ చేసి ఒక్కడే అందుకున్నాడు. ముందు కాలితో పెద్ద డ్రమ్మును మోదాడు, అది నా రొమ్ములో అదిరింది. తరువాత రెండు చేతులూ లావు డ్రమ్ముల మీద పడ్డాయి. ఛట్‌మనాల్సిన చోటల్లా పుల్లతో డ్రమ్ము చెక్క అంచును కొట్టాడు. పక్కనున్న ఇత్తడి తాళాలు ఝల్లుమన్నాయి. చర్చికి కానుకగా వేలం వేసేందుకు తెచ్చిన కోళ్లు బుట్టల్లో గోల పెట్టాయి. చెవులు మూసుకుందామని వచ్చిన ముసలమ్మలు కూడా కాళ్లు ఆడించడం మొదలుపెట్టారు. ఎప్పుడూ అందరికంటే వెనక కూర్చునే తాతయ్య లేచి, మనుషులను తప్పించుకుంటూ ముందుకొచ్చి, డ్రమ్ములకు ఎదురుగా చాప మీద కూర్చున్నాడు. కాసేపు కన్నార్పకుండా చూశాడు.

"చేతులంటే సరే, కాలుతోని గూడ కొడ్తున్నడు గదనే!" అన్నాడు అమ్మమ్మతో, పక్కవాళ్లందరికీ వినబడేలా. ఆ రాత్రి అమ్మమ్మ పెట్టిన కంచం మళ్లీ తీయాల్సిన పని లేకపోయింది.

ఇప్పుడు నేను మొయినాబాదులో చిన్నకొడుకు దగ్గర ఉంటున్నాను. కొత్తగా వచ్చిన కోడలు, ఏళ్ల తరబడి నూనె పట్టి నున్నబడిన నా దోసె పెనాన్ని సబ్బు పెట్టి తళతళలాడేలా తోమి, "చూడండి అత్తమ్మా!" అని సంబరంగా చూపించింది.  కోపం నాలుక చివరిదాకా వచ్చింది. పెనం చేతిలోకి తీసుకుని చూశాను. పిడి సందుల్లో జిడ్డు కూడా లేకుండా ఎంత శ్రద్ధగా తోమిందో పిల్ల! "మంచిగ తోమినవ్ బిడ్డా" అన్నాను. మళ్లీ నూనె పట్టించే పని ఇద్దరం కలిసి చేసుకున్నాం.

చెడిపోయిన వస్తువు కళ్లెదుట ఉంటే మాట తొందరపడుతుంది. ఆ రోజు మామకూ మాట తొందరపడే ఉంటుంది. ఆయన దాన్ని పెదవుల దగ్గరే ఆపి, వేలితో ఆ అంచును తడిమాడు. ఆ తడిమిన కాసేపట్లోనే మా తాతయ్యకు కొడుకు దక్కాడు.