ఇగురం ఏ దుకాణంలో దొరుకుతుంది?

ఆరోగ్యకరమైన వంట అంటే వంటలోంచి ఒక్కొక్కటీ తీసేయడమేనని నేను చాలాకాలం నమ్మాను. నూనె తీసేశాను, కారం తీసేశాను, ఉప్పు తీసేశాను. చివరికి మా పాప కంచం ముందు నుంచి లేచిపోయింది. అప్పుడు కూడా తప్పు పాపదే అనుకున్నాను. కాలేజీలో తెలుగు చెప్పేవాణ్ని కదా, సంధులన్నీ తెలుసు గానీ వంటింటి సందు మాత్రం తెలియదు.

అప్పుడు మేం జగిత్యాలలో ఉండేవాళ్లం. నా భార్య అక్కడి ఆసుపత్రిలో నర్సు. నేను పొద్దున్నే బస్సెక్కి కోరుట్ల కాలేజీకి పోయి సాయంత్రానికి తిరిగొచ్చేవాణ్ని. ఇద్దరి డ్యూటీల మధ్య వంట ఎవరి డ్యూటీయో ఎన్నడూ తేలలేదు. అందుకని కోరుట్ల బస్టాండు దగ్గరి హోటల్లో పరోటాలు, ఎర్రగా నూనె తేలే కుర్మా పార్సిల్ కట్టించుకుని వచ్చేవాణ్ని. ఆదివారమైతే ముగ్గురం హోటల్లోనే కూర్చుని తినేవాళ్లం. ఆ తిండి మాకు ఇష్టమే, అబద్ధమెందుకు. మూడో తరగతి చదివే మా పాప ఆ కుర్మా వాసనకే గేటు దాకా పరుగెత్తుకొచ్చేది.

ఆ పరుగు తగ్గింది. మెట్లెక్కితే ఆయాసపడుతోందని డాక్టరుకు చూపించాం. ఒంట్లో రక్తం తక్కువగా ఉందన్నాడు.

“మందు రాస్త గని సారూ, ఇంట్ల వండి పెట్టుండ్రి. ఆకుకూరలు తినాలె. తిండి లేకుంట మందు ఒక్కటే ఏం జేస్తది?”

రోజూ రోగుల మధ్య తిరిగే నా భార్య ఇంటికొచ్చేదాకా ఆ మందుల చీటీనే మళ్లీ మళ్లీ చదువుకుంది.

సరిగ్గా అప్పుడే సమ్మె మొదలైంది. తెలంగాణ కోసం కాలేజీలు, ఆఫీసులు, బస్సులు అన్నీ ఆగిపోయాయి. బంద్ పిలుపు వస్తే హోటళ్లూ మూతపడేవి. ఆసుపత్రి మాత్రం నడవాల్సిందే. కాబట్టి ఆమె డ్యూటీకి, నేను పొయ్యి దగ్గరికి. పొద్దున దీక్షా శిబిరంలో కాసేపు కూర్చుని గొంతు పోయేదాకా నినాదాలిచ్చి, ఇంటికొచ్చి వంటింట్లో మౌనదీక్ష పట్టేవాణ్ని. నాకు గురువు టీవీ. రాష్ట్రం గురించి చర్చ లేనప్పుడు అందులో వంకాయ గురించి చర్చ ఉండేది. ఒకావిడ వంకాయ ఇగురు, దొండకాయ ఇగురు అంటూ కనబడ్డ కూరగాయనల్లా ఇగర్చేది.

నా మొదటి ప్రయోగం ఉప్పు లేని పాలకూర. పాప ఒక్క ముద్ద పెట్టుకుని నా ముఖంలోకి చూసింది.

“డాడీ, గిది దవాఖాన్ల అన్నమా?”

“ఆరోగ్యానికి మంచిది బిడ్డా.”

“రోజూ గిదేనా?”

“రోజూ గిదే.”

“అయితే నేను సుత టెంటు కింద కూసుంట. నిరాహార దీక్ష జేస్త.”

ఈ వార్త సిరిసిల్లలో ఉండే మా అత్తగారికి ఆ సాయంత్రమే చేరింది. ఆమెది మరమగ్గాల ఇల్లు. ఫోన్లో కూడా ఆ చప్పుడును మించి మాట్లాడటం ఆమెకు అలవాటు.

“ఏం అల్లుడూ, మీ ఇంట్ల ఉప్పు సుత సమ్మెల ఉన్నదట?”

“తగ్గిస్తే మంచిదని అత్తమ్మా.”

“మంచిదే. గని జర ఇగురంగ వండుండ్రి. ఇగురంగ వండితే పోరి ఎందుకు తినదు?”

ఇగురంగ. టీవీ ఆవిడ చెప్పేదీ ఇదే కదా అనుకున్నాను. మర్నాడు తోటకూరను నీళ్లన్నీ ఇగిరేదాకా, ఇగిరాక కూడా అనుమానం తీరక ఇంకాసేపు పొయ్యి మీదే ఉంచాను. నా భార్య డ్యూటీ నుంచి వచ్చి మూకుడులోకి తొంగి చూసింది.

“ఇది కూరనా, ఎక్స్-రేనా?”

అన్నదే గానీ నవ్వలేదు. పాపను ఒళ్లోకి లాక్కుని, గోళ్లు ఎంత తెల్లగా ఉన్నాయో చూస్తూ కూర్చుంది. ఆ రోజూ పాప పెరుగన్నం నాలుగు ముద్దలతో సరిపెట్టింది.

ఇక లాభం లేదని, మర్నాడు పాపను బండి మీద ఎక్కించుకుని సిరిసిల్ల బయల్దేరాను. కనీసం అమ్మమ్మ చేతి వంటైనా తింటుందని ఆశ. ఊరు ఇంకా రాకముందే రోడ్డు ఆగిపోయింది. వంటావార్పు జరుగుతోంది. ఉద్యమంలో అదొక పద్ధతి. రోడ్డు మధ్యలోనే పొయ్యిలు పెట్టి, అక్కడే వండి, అక్కడే వార్చి, అక్కడే పంక్తిలో కూర్చుని తినడం. అంతవరకూ బండ్లు కదలవు. తీరా చూస్తే పెద్ద గంజు గిన్నె ముందు గరిటె పట్టుకుని నిలబడ్డది మా అత్తగారే. చుట్టూ ఆమె వాడకట్టు ఆడవాళ్లు. ఆమె పాపను తీసుకుపోయి పుంటికూర, అదే గోంగూర, ఆకు తెంపే పిల్లల్లో కూర్చోబెట్టింది. నా చేతిలో ఉల్లిగడ్డలు పెట్టింది.

వంట తెమిలేసరికి ఎండ నెత్తి దాటింది. మోదుగాకు విస్తర్లలో అన్నం, పుంటికూర పప్పు, పచ్చిపులుసు వడ్డించారు. పాప పక్కపిల్లతో ఏదో పోట్లాడుతూనే మొత్తం ఊడ్చేసి, “అమ్మమ్మా, ఇంకింత ఎయ్యి” అని చెయ్యి చాపింది.

నాకు సంతోషమూ కలిగింది, కడుపూ మండింది. ఆ రెండింటినీ మించి ఆశ్చర్యం. పోయి గంజులోకి వంగి చూశాను. పైన నూనె తేలడం లేదు. నాలుక మీద వేసుకుంటే ఉప్పూ కారమూ పెద్దగా లేవు. నేను తీసేసినవన్నీ ఇక్కడా తక్కువే. మరి ఇందులో ఉన్నదేమిటి?

“ఏమేసిండ్రు అత్తమ్మా దీంట్ల?”

“ఏమున్నది అల్లుడూ, ఉన్నదే ఏసినం. ఇగురంగ వండినం.”

పప్పు చూస్తే జారుగా ఉంది. నీళ్లేమీ ఇగరలేదు. అంటే ఇగురమనేది పొడి లాంటిదేదో అయ్యుండాలి.

“గా ఇగురం ఏ దుకాన్ల దొరుకుతది?”

గరిటెలు ఆగిపోయాయి. నవ్వు ఆపుకోలేక ఒకామె కళ్లు తుడుచుకుంటూ, “తెలుగు సారంటివి గదనే అక్కా” అంది.

“తెలుగు సారే. గని పుస్తకం తెలుగు” అంది మా అత్తగారు.

నేను ఆ మాట ఎన్నడూ విననివాణ్ని కాదు. ఉన్నదాంతో తెలివిగా సంసారం నెట్టుకొచ్చే మనిషిని ఇగురం తెలిసిన మనిషి అంటారు మా వైపు. చదువుకునే రోజుల హాస్టలు అన్నం, ఇప్పటి టీవీ ఇగురు కలిసి ఆ అర్థాన్ని నా బుర్రలోంచి ఇగర్చేశాయి.

“ఇగురం అంటే గిదే అల్లుడూ. నూనె చారెడే ఉంటది, గని అది తక్కువైనట్టు తినేటోనికి తెల్వద్దు.”

“మరి ఉప్పెంత?”

“గదెట్ల జెప్తం?” అని పక్కామె వైపు తిరిగింది. “గీ పప్పుల ఉప్పు నువ్వేసినవా, నేనేసిన్నా?”

“నువ్వేసినవనే అనుకున్న.”

ఎవరు వేశారో ఆ రోజు తేలనేలేదు.

ఇంటికొచ్చాక నాకు మరో అనుమానం పట్టుకుంది. పాప తిన్నది ఇగురం వల్లనా, ఆకలి వల్లనా, తానే తెంపిన ఆకు కాబట్టా, పక్కపిల్లతో పోటీ వల్లనా? తేల్చుకోవాలంటే అన్నీ చేసి చూడాల్సిందే. ఆకు తెంపే పని పాపకిచ్చాను. వరండాలో ముగ్గురం పంక్తిలా కూర్చున్నాం. నూనె చెంచాడు మాత్రం చివర్లో, ఎల్లిపాయతో కలిపి పోపులో వేశాను. పచ్చిపులుసులో నువ్వుల పొడి కలిపాను. ఉప్పు పాపనే వేయమన్నాను. మొదటి రోజు సముద్రమైంది. అయినా తన చేత్తో వేసుకున్నది కాబట్టి నోరు మూసుకుని తింది. క్రమంగా సముద్రం చెరువైంది. టెంటు బెదిరింపులు పూర్తిగా ఆగలేదు గానీ తగ్గాయి. విచిత్రమేమిటంటే, సాయంత్రమైతే ఇవాళ ఏం వండాలా అని నాకే ఉబలాటంగా ఉండేది. వంటా వార్పూ కాస్తా మా ఇంట్లో వంటా మార్పూ అయింది.

సమ్మె ముగిసి నేను మళ్లీ కోరుట్ల బస్సెక్కాక కూడా పొద్దుటి వంట నాదే. కొన్నాళ్లకు డాక్టరు చూసి రక్తం పెరిగిందన్నాడు. నా భార్య బయటికొచ్చి బెంచీ మీద కూర్చుని, చాలా రోజుల తర్వాత ఊరికే నవ్వింది.

ఈలోగా నా దుకాణం ప్రశ్న మాత్రం సిరిసిల్ల అంతా తిరిగింది. అక్కడికి పోయినప్పుడల్లా ఎవరో ఒకరు, “సారూ, దొరికిందా?” అని అడిగేవారు. అడగని ఇంట్లో మా అత్తగారే గుర్తుచేసేది.

పాపకు నయమైందని చూడవచ్చిన ఆమెను కోరుట్లలో కొత్తగా పెట్టిన హోటలుకు తీసుకెళ్లాం. ఇంట్లో అంత కష్టపడ్డాక ఒక పూట బయట తింటే తప్పులేదని అందరం ఒప్పుకున్నాం. ఆమెకు అలాంటి హోటలు అదే మొదలు. వెయిటర్ వచ్చి పెద్దావిడ అని ముందు ఆమెనే అడిగాడు.

“స్టార్టర్ ఏం తీసుకుంటరమ్మా?”

సిరిసిల్లలో స్టార్టర్ అంటే మరమగ్గం మోటారు నడిపే పెట్టె.

“స్టార్టర్ మాకెందుకు బిడ్డా?” అంది ఆమె. “మొన్ననే మార్పించినం. మోటర్ మంచిగనే నడుస్తున్నది.”

నా భార్య నోరు తెరవబోయింది. నేను బల్ల కింద ఆమె కాలు తొక్కి, వెయిటర్‌తో గంభీరంగా చెప్పాను.

“మా అత్తమ్మకు ఇంట్ల ఉన్నదట. మా ముగ్గురికే తీసుకురా.”

వేయించిన మక్కజొన్న గింజలు పొగలు కక్కుతూ వచ్చాయి. పాప రెండు చేతులా అందుకుంది. మా అత్తగారు ఆ ప్లేటును, తన ముందున్న ఖాళీ బల్లను మార్చి మార్చి చూసింది.

“గిదేందే?”

“స్టార్టర్ అమ్మమ్మా” అంది పాప, నోటి నిండా పెట్టుకుని.

ఆమె నా వైపు తిరిగింది. నేను తలెత్తకుండా తిన్నాను. చాలా రుచిగా ఉంది. నూనె మాత్రం కొంచెం ఎక్కువైంది.