గుర్రాలమిద్దెకు కొత్త రంగు

పెనుకొండకు పడమటి దారిలో గుర్రాలమిద్దె ఉండేది. పాళెగాళ్ల నాటి కట్టడం. నల్లరాతి గోడలు, చిలకలు చెక్కిన టేకు స్తంభాలు, వెనక చింతతోపు. వారసులు లేక సర్కారు కిందికి వచ్చిన ఆ మిద్దెను నిలబెట్టింది మాజీ సర్పంచు పోతులయ్య. ఊరికి బస్సు తెప్పించినవాడు, బడికి గదులు కట్టించినవాడు. చదివింది ఐదో తరగతే అయినా కలెక్టరు ముందు కుర్చీలో కూర్చుని మాట్లాడినవాడు. ఏటా వానలకు ముందు మిద్దె మీద చౌడుమట్టి పరిపించేదీ ఆయనే. చౌడు బిగిస్తే చుక్క నీరు దిగదు.

ఫ్యాక్టరీల రోడ్డు ఆ మిద్దె మీదుగా పోతుందని సర్వేరాళ్లు పాతారు. పోతులయ్య తిరగని ఆఫీసు లేదు. కడకు ఒక్క దారి మిగిలింది. పాత కట్టడాల ఆఫీసరు వచ్చి చూసి, కాపాడదగిందని రాస్తే రోడ్డు పక్కకు జరుగుతుంది.

ఆఫీసరమ్మ వస్తోందన్న కబురు అందాక ఆయనకు కాలు నిలవలేదు. పెద్ద ఆఫీసరు చూసే మిద్దె మాసి ఉంటే ఊరంతటికీ తలవంపులు కదా! చౌడు గీకించి పైన సిమెంటు పోయించాడు. గోడలకు ప్లాస్టరింగు, స్తంభాలకు పచ్చ ఆయిల్‌పెయింటు.

“ఏమయ్యా, ఆయమ్మ మిద్దెను సూడను వస్తాందా, పెండ్లిసూపులకా?” అంది భార్య యల్లక్క.

“నీకేం తెలుసే, ఊరి మర్యాద!”

ఆఫీసరు సుకన్య వచ్చింది. స్తంభాన్ని గోటితో గీకింది. పైకప్పు చూసింది.

“పాతది ఏదండీ ఇక్కడ?”

“ఇదే తల్లీ! నేనే బాగు చేయించినా.”

ఆమె గోటికి అంటిన పచ్చరంగు తుడుచుకుంది. “ఇంత సిమెంటు చూశాక, ఇది పాతదని ఎట్లా రాయను పెద్దాయనా? ఉన్నది ఉన్నట్టు వదిలేసి ఉంటే…”

జీపు పోగానే పోతులయ్య కొడవలి తెచ్చి స్తంభాన్ని గీకడం మొదలుపెట్టాడు. రంగుతో పాటు చిలకల ముక్కులూ లేచివచ్చాయి. యల్లక్క వచ్చి రాలిన ముక్కలు కొంగులో ఏరుకుంది. తిట్టినా బాగుండేదనిపించింది ఆయనకు.

ఉగాది దాటగానే జేసీబీలు దిగాయి. ముందు చింతతోపు పోయింది. తర్వాత మిద్దె. డ్రైవరు ఎంత పొడిచినా పైకప్పు ఒక మూల కదల్లేదు. దూరంగా నిలబడి చూస్తున్న పోతులయ్య తువ్వాలు భుజాన సర్దుకుని దగ్గరికి నడిచాడు.

“ఏమప్పా, ఆపక్క గోడ పట్టుకో. ఈపక్క గట్టిగా ఉండాది. సిమెంటు నేనే దగ్గరుండి పోయించినా.”